గోడమీది బొమ్మ – బొమ్మక్రింది అక్షరము

చిత్రకళ మొదట గోడ నాశ్రయించి పెరిగినది. పటము, గ్రంథము, అద్దము బిగించిన చట్రము తరువాత వచ్చినవి. అజంతా గుహల గోడలును, లేపాక్షి వీరభద్రాలయపు పైకప్పును ఇందుకు నిదర్శనములు. తెల్లవారుజామున ఇంటిముందు మన ఆడువారు పెట్టు ముగ్గు సైతము నేలనే గోడగా భావించి వేయు చిత్రము. ఇట్టి చిత్రమునకు ఒక ప్రత్యేకగుణము కలదు. దానిని చూచుటకు రుసుము లేదు. చూడక తప్పించుకొనుటకు వీలును లేదు. సంతకు పోవువాడు, మిల్లులో రాత్రి షిఫ్టు ముగించి యింటికి వచ్చువాడు, బడికి పోవు బాలిక – అందరి కంటను అది పడితీరును. కావుననే కాగితముమీది బొమ్మ విషయమున రాని ప్రశ్నలు గోడబొమ్మ విషయమున వచ్చుచున్నవి. ఏమి వేయవలెను? ఎవరు వేయవలెను? వేసినవాడు వెళ్లిపోయిన పిదప దాని బాగోగులు ఎవరు చూడవలెను?

గత యరువది సంవత్సరములుగా పెక్కు దేశములలో ఒక పద్ధతి వ్యాపించినది. ఒక పేటవారో, పాఠశాలవారో బయటి ఊరినుండి ఒక చిత్రకారుని పిలిపింతురు. ఆయన కొన్ని వారములు ఆ ఊర నివసించి, అచ్చటి బాలబాలికలను, యువకులను చేర్చుకొని, వారికి గీత, రంగు, కొలత నేర్పుచు, వారి చేతులతోనే ఒక పెద్ద గోడను చిత్రింపజేయును. దీనిని సామూహిక భిత్తిచిత్ర మనవచ్చును. మన సంఘములు, మన పాఠశాలలు ఇట్టి పనికి ఉత్సాహపడుట సహజము. మన ఊర గోడలకు కొదవలేదు. ఉత్సాహము గల పిల్లలకు అంతకంటెను కొదవలేదు. అయితే అట్టి పనికి పూనుకొనుటకు ముందు, అతిథి చిత్రకారుడు ఊరికి ఏమి తెచ్చును, పోవునప్పుడు ఏమి వదలిపోవును అను విషయమును విచారింపవలసియున్నది. తమిళదేశమున పుట్టి పెరిగిన తెలుగువారమైన మనకు ఈ విచారణలో మరియొక అంశము చేరును. అది బొమ్మక్రింద వ్రాయు అక్షరము.

దూరదేశముల కేగుటకు ముందు మన పొరుగు చూతము. కోవిల్పట్టి మన రాజపాళయమునకు ఆగ్నేయమున, ఒక పూటలో పోయి రాదగిన దూరమున నున్నది. సి. కొండయ్యరాజు (1898–1976) ఆ ఊరివాడు కాడు. మద్రాసు చిత్రకళాశాలలో శిక్షణ పొంది, తిరువణ్ణామలైలో రమణాశ్రమమున కొంతకాలము గడపి, పిమ్మట నాటకసమాజములకు తెరలు వ్రాయుచు తిరిగినవాడు. అట్లు తిరుగుచు 1940ల దశకమున కోవిల్పట్టిలో స్థిరపడెను. ఆయన చుట్టును చేరిన యువకులు – టి. ఎస్. సుబ్బయ్య, ఎం. రామలింగం మొదలగువారు – తరువాత స్వయముగా పేరుపొందిన చిత్రకారులైరి. శివకాశిలో అచ్చయి దక్షిణదేశపు ఇంటింట వ్రేలాడిన దేవతల క్యాలెండరు బొమ్మలలో ఎన్నో ఆ గురుశిష్యుల చేతులనుండి వెలువడినవే. మన పెద్దలు చట్రము కట్టించి పూజగదులలో పెట్టిన లక్ష్మీ సరస్వతుల పటముల క్రిందిమూలలను పరికించినచో ఈ పేర్లు కనబడవచ్చును. (ఆయన పేరు చివర రాజు అని యున్నంతమాత్రమున మన ఊరి రాజులలోనివాడని భ్రమపడరాదు. తంజావూరు, తిరుచిరాపల్లి ప్రాంతములలో చిత్రలేఖనమే వృత్తిగా గల తెలుగువారును రాజు లనబడుదురు. ఆ సంప్రదాయము వేరు.)

నాటకపు తెర ఒంటరిగా వ్రాయుటకు అనువైన వస్తువు కాదు. ఒకడు గీత గీయవలెను. ఒకడు ఆకాశము పూయవలెను. ఒకడు స్తంభములకు నీడ పెట్టవలెను. రంగు ఎండకముందే పని సాగవలెను. అట్టి చోట గురువు చెప్పు పాఠము వేరుగా నుండదు, పనిలోనే కలిసియుండును. అతిథి చిత్రకారుని ఎంచుకొనునపుడు మొదట చూడవలసిన గుణము నా యభిప్రాయమున ఇదియే: ఇతరుడు తన ప్రక్కన నిలిచి పనిచేయుటకు చోటిచ్చువాడా, కాడా? బహుమతులు, ప్రదర్శనలు, పత్రికలలో వచ్చిన ఫోటోలు ఆ తరువాతి మాట.

ఆంధ్రదేశమునను ఇట్టి అతిథులు లేకపోలేదు. 1910లో వెలసిన బందరు ఆంధ్ర జాతీయ కళాశాలకు వంగదేశమునుండి ప్రమోదకుమార చటర్జీ వచ్చి చిత్రకళ నేర్పెను. ఆయనవద్ద నేర్చినవారిలో అడివి బాపిరాజు (1895–1952) ఒకడు. ఆ బాపిరాజే తరువాత అదే కళాశాలకు అధ్యక్షుడై మరికొందరిని తీర్చిదిద్దెను. రాజమహేంద్రవరమున ప్రభుత్వ కళాశాలాధ్యక్షుడుగా నుండిన ఆస్వాల్డ్ కూల్డ్రే అను ఆంగ్లేయుడు దామెర్ల రామారావు (1897–1925) ప్రతిభను గుర్తించి ప్రోత్సహించెను. రామారావు ఇరువదియెనిమిదవ యేట మరణించెను. అయినను ఆయన రాజమహేంద్రవరమున ప్రారంభించిన చిత్రకళా శిక్షణము ఆగిపోలేదు. మిత్రుడు వరదా వెంకటరత్నము దానిని కొనసాగించెను. కూల్డ్రే తిరిగి సీమకు పోయెను, చటర్జీ వంగదేశమునకు పోయెను. వారి విద్య మాత్రము గోదావరీ కృష్ణా తీరములందే నిలిచినది.

అతిథి గురువనగానే ప్రఖ్యాతుడే కావలెనని లేదు. 1927లో శాంతినికేతనమునకు జయపురమునుండి నరసింగలాల్ అను మేస్త్రీని పిలిపించిరి. పిలిపించినవాడు, అప్పటికే దేశప్రసిద్ధుడైన నందలాల్ బోస్. జయపురపు తడిసున్నపు చిత్రణము కడు ఓర్పుతో చేయవలసిన పని. సున్నమును నెలల తరబడి నీటిలో నానవేసి, పలుమారులు నీరు మార్చి, పెరుగు చేర్చి, పాలరాతి పొడితో కలిపి మెత్తని పూత సిద్ధపరుతురు. పూత తడియారకముందే రంగు వేయవలెను. వేసిన రంగును చిన్న తాపీతో తట్టి లోనికి దింపవలెను. నునుపైన రాతితో మెరుగుపెట్టి, తుదకు కొబ్బరినూనె రాయవలెను. ఆ దినమున ఎంత మేర చిత్రింపగలరో అంత మేరకే పూత పూయవలెను. ఆలస్యమైనచో సున్నము రంగును పట్టదు. ఆ మేస్త్రీ తోడ్పాటుతో విద్యార్థులును, వారి గురువైన నందలాలును పాతగ్రంథాలయపు వరండా గోడలమీద పనిచేసిరి. గురువు తన శిష్యులయెదుటనే మరియొకరివద్ద విద్యార్థిగా నిలిచిన ఆ దృశ్యమును తలచుకొనినపుడెల్ల, మాబోటి ఉపాధ్యాయులకు ఇందులో ఒక హెచ్చరిక కలదని తోచుచుండును. తరువాత అదే ఆశ్రమమున 1946–47లో వినోదవిహారి ముఖర్జీ హిందీభవనపు గోడలమీద మధ్యయుగపు భక్తకవుల జీవితములను చిత్రించెను. ఆ పనిలో విద్యార్థులు ఆయనకు తోడ్పడిరి. అప్పటికి జయపురపు మేస్త్రీ అచ్చట ఉండవలసిన యవసరము లేకపోయినది.

యువజనుల సామూహిక చిత్రములలో లోకప్రసిద్ధమైనది అమెరికాలోని లాస్ ఏంజిలిస్ నగరమున నున్నది. అచ్చట టుజుంగా అను వరదకాలువ కలదు. దాని గోడలు కాంక్రీటువి. వేసవిలో అందు నీటిపోటు ఉండదు. ఆ కాలువ పరిసరములను బాగుచేయు పథకములో భాగముగా 1970ల దశకమున సైన్యపు ఇంజనీర్లు జ్యుడిత్ బాకా అను చిత్రకారిణిని సంప్రదించిరి. 1976 వేసవిలో పని మొదలయ్యెను. ఆ మొదటి వేసవిలో 80 మంది యువజనులు, 10 మంది చిత్రకారులు, 5 గురు చరిత్రకారులు కలిసి 1,000 అడుగుల గోడను నింపిరి. ఆ పిల్లలలో పెక్కురు న్యాయస్థానములు పంపినవారు. అనగా వీథులలో తగవులాడి, చిన్న నేరములలో చిక్కుకొనినవారు. 1983 వరకు అయిదు వేసవులలో 400 మందికి పైగా ఈ పనిలో పాల్గొనిరి. చిత్రము పొడవు 2,754 అడుగులైనది. 2017లో దానిని ఆ దేశపు జాతీయ చారిత్రక స్థలముల పట్టికలో చేర్చిరి.

చిత్రకారులతోపాటు చరిత్రకారు లెందుకు వచ్చిరన్నది ఇందు గమనింపదగిన విషయము. ఆ గోడమీద వేసినది కాలిఫోర్నియా చరిత్ర; అయితే పాఠ్యపుస్తకములు చెప్పిన చరిత్ర కాదు. అచ్చటి ఆదివాసులు, మెక్సికోనుండి వచ్చినవారు, జపానునుండి వచ్చి రెండవ ప్రపంచయుద్ధకాలమున నిర్బంధశిబిరములపాలైనవారు – వీరి కథలు అందు కలవు. కుంచె పట్టుటకు ముందు పిల్లలు ఆ కథలను వినిరి, చర్చించిరి, ప్రశ్నించిరి. మరియొక పాఠమును కూడ వారు పనిలోనే నేర్చిరి. మొదటి వేసవిలో ఒక్కొక్క చిత్రకారుడు ఒక్కొక్క భాగమును వేరువేరుగా రూపొందించెను. తరువాతి వేసవులలో అట్లుగాక గోడయంతటికిని ఒకే రూపరేఖ ఏర్పరచుకొని దానిక్రింద అందరును పనిచేసిరి. చిత్రము నడక కుదుటపడినది అప్పుడే యని నా తలంపు. పదిమంది పిల్లలను గోడయెదుట నిలిపి ఎవరికి తోచినది వారు వేయుడనుట స్వేచ్ఛవలె కనబడును గాని, దానివలన గోడకును పిల్లలకును మేలు లేదు.

మనకు దగ్గరగా జరిగిన ప్రయత్నములను గూర్చి రెండు మాటలు చాలును. స్టార్ట్ ఇండియా ఫౌండేషను అను సంస్థ 2016లో హైదరాబాదు మఖ్తాలోను, 2020లో చెన్నై కార్పొరేషనుతో కలిసి కణ్ణగి నగరులోను ఇళ్ల గోడలమీద పెద్ద పెద్ద చిత్రములు వేయించినది. కణ్ణగి నగరు నగరమధ్యమునుండి తరలింపబడిన పేదల కాలనీ. అందరు చిన్నచూపు చూచు పేటకు చూపరులు వెదకికొని వచ్చుట చిన్న విషయము కాదు. కాని అంతస్తుల యెత్తున యంత్రపు నిచ్చెనమీద నిలిచి వేయవలసిన బొమ్మలో పన్నెండేండ్ల బాలునికి చోటు దొరకుట కష్టము. అది చేయితిరిగిన చిత్రకారుల పని, అట్లే యుండవలెను. మనము కోరునది వేరు. మన గోడ ఎనిమిది అడుగుల యెత్తు మించనక్కరలేదు.

ఇక అక్షరము మాటకు వత్తును. తిరువణ్ణామలై జిల్లాలోని చెంగము అను ఊర వేణుగోపాల పార్థసారథిస్వామి ఆలయము కలదు. అందలి మంటపపు పైకప్పున నాయకరాజుల కాలపు రామాయణ చిత్రములు వరుసలు వరుసలుగా నున్నవి. చిత్రమునకు చిత్రమునకు వివరణ వ్రాసియున్నది – తెలుగులోను, తమిళములోను. వ్రాయించినవారికి తమ గుడికి వచ్చువారు రెండు భాషలవారని తెలియును. అందుచేత రెండు లిపులకును చోటిచ్చిరి. ఒక లిపి మరియొక లిపిని త్రోసివేయలేదు. రెండింటిని కలిపి పట్టుటకు పైకప్పు చాలినది. లిపులపేరిట తగవులాడుకొను ఈ కాలమున చెంగమునకు పోయి ఒక్కసారి తల పైకెత్తి చూచుట మంచిది.

శ్రీకాళహస్తి కలంకారీ వస్త్రములందును ఇదే పద్ధతి కనబడును. నడుమ ప్రధాన దేవతామూర్తి, చుట్టును అరలు అరలుగా కథ, అరల అంచు పట్టెలలో తెలుగు వ్రాత. కరక్కాయ రసము, పాలు పట్టించిన గుడ్డమీద, బెల్లము ఇనుపతుక్కు నీటిలో ఊరవేసి తీసిన నల్లరంగుతో, వెదురు కలమున గీతలు గీయుదురు. రాముని కనుబొమ గీచిన కలమే రాముని పేరును వ్రాయును. ఈ విద్య క్షీణించుచుండగా 1957లో, కమలాదేవి చట్టోపాధ్యాయ ప్రోద్బలముతో, కాళహస్తిలో శిక్షణకేంద్రము నెలకొల్పిరి. జొన్నలగడ్డ లక్ష్మయ్య అందు గురువైరి. ఆయన కుమారుడు గురప్పశెట్టికి 2008లో పద్మశ్రీ లభించినది. నేడు కాళహస్తి వీథులలో కలముపట్టు కుటుంబములు పెక్కు కలవనిన, దానికి ఆ చిన్న కేంద్రమే మొదలు. ఇచ్చట గురువు పరదేశి కాడు, ఊరివాడే. బయటినుండి వచ్చినది ఆదరణ. అతిథి చిత్రకారుని వెదకునపుడు ఈ ఉదాహరణమును కూడ మనస్సున నుంచుకొనవలెను. బొమ్మను, అక్షరమును ఒకే చేతితో వ్రాయగల కాళహస్తి పనివాడు మన పిల్లలకు తగిన అతిథి కాగలడు.

మన పిల్లల సంగతి పాఠకులకు తెలియనిది కాదు. ఇంట తెలుగు మాటాడుదురు. అవ్వతో, అత్తతో, మామతో తెలుగే. చదువవలెనన్నచో తమిళము, ఆంగ్లము. 2006లో తమిళనాడు ప్రభుత్వము తమిళభాషాభ్యసన చట్టమును చేసి, 2006–07లో ఒకటవ తరగతితో మొదలుపెట్టి ఏటేట పై తరగతికి విస్తరింపజేసినది. అల్పసంఖ్యాక భాషల విద్యార్థులకు న్యాయస్థానములు కొన్ని సంవత్సరముల పరీక్షలలో మినహాయింపు లిచ్చినవి. తమిళము నేర్చుట మన పిల్లలకు మేలే; ఈ గడ్డమీద పుట్టి ఈ గడ్డభాష నేర్వకుండుట తగదు. కాని పాఠశాలలో తెలుగునకు మిగిలిన గంటలు తక్కువ. ఆ తక్కువ గంటలలో నేర్చిన అక్షరము గడప దాటగానే కనబడదు. దుకాణపు పలకమీద లేదు, బస్సుమీద లేదు, మైలురాతిమీద లేదు. కంటికి కనబడని అక్షరము చేతికి నిలువదు.

దీని ఫలితము సెల్‌ఫోనులలో చూడవచ్చును. పిల్లలు తమలో తాము తెలుగు మాటలనే తమిళలిపిలో వ్రాసికొందురు. తమిళలిపికి దాని న్యాయము దానికి కలదు. ఆ భాషకు అది చాలును. తెలుగునకు చాలదు. గాలి అనినను కాలి అనినను ఆ లిపిలో వ్రాత ఒక్కటే. బండికిని పండికిని భేదము లేదు. దారమునకును తారమునకును భేదము లేదు. ఇంట పుట్టినప్పటినుండి విన్న పిల్లవాడు సందర్భమునుబట్టి పోల్చుకొనును. వాని కొడుకు పోల్చుకొనలేడు. లిపి పోయిన తరువాత ఉచ్చారణము చాలకాలము నిలువదు. మన ముందరి తరములవారు ఆంధ్రదేశమునుండి తెచ్చుకొనిన మాటలు ఇన్ని శతాబ్దములు నిలిచినవన్న ధైర్యమున మనము కూర్చుండరాదు. అప్పుడు పోటీకి పాఠశాల లేదు, టెలివిజను లేదు.

గోడబొమ్మ ఈ లోటును పూర్తిగా తీర్చునని నేను చెప్పను. కాని పాఠ్యపుస్తకము చేయలేని పని నొకదానిని చేయగలదు. తెలుగక్షరమును బయటి వెలుగులోనికి తెచ్చి, ఊరందరి కన్నులయెదుట నిలుపగలదు. అంతకంటె ముఖ్యముగా, దానిని వ్రాయువాడు పిల్లవాడు. వ, ప, ష, స అను నాలుగక్షరములను పలకమీద వ్రాయునపుడు తొందరలో భేదము మరచు బాలుడు మూడంగుళముల యెత్తున కుంచెతో వ్రాయవలసివచ్చినపుడు మరువజాలడు. ప తలకట్టు విడిగా నుండును, వ తలకట్టు కలిసియుండును, ష లోపల చిన్న గీత కలదు – ఇవన్నియు అప్పుడు వానికి ఆకారములుగా కనబడును. చిత్రకారునికి అక్షరము బొమ్మయే. అందుచే ఆయన పాఠము చెప్పు వేళ తెలుగు ఉపాధ్యాయుడు ప్రక్కన నిలిచియుండుట అవసరము; వర్ణక్రమము ఆయన చూచుకొనవలెను. గోడమీది తప్పు పలకమీది తప్పువలె చెరిగిపోదు.

ఏమి చిత్రింపవలెను? పిల్లలను అడిగినచో మొదటి ఓటు మన ఊరి కుక్కకే పడును. 2005లో తపాలాశాఖవారు బిళ్లమీద అచ్చువేసిన ఆ తెల్లని జాతిని కాదనుటకు నేనెవడను? దానికి ఒక మూల నిచ్చి, మిగిలిన గోడకు లాస్ ఏంజిలిస్ వారివలె ముందు పెద్దలను అడుగవలెను. ప్రత్తి చేను, మిల్లు, సత్రపట్టి మగ్గములమీద నేయు కట్టుగుడ్డ, సంజీవికొండ, అయ్యనారు జలపాతము, చెన్నరాజధానికి ముఖ్యమంత్రియై (1949–52) తన యింటిని గాంధీ కళామందిరమున కిచ్చిన పి. ఎస్. కుమారస్వామిరాజా – ఇట్టివి సులభముగా స్ఫురించును. కష్టమైన ప్రశ్న వేరొకటి. ఈ సీమలో తెలుగు ఇంటిభాషగా గలవారు రాజులు మాత్రమే కారు. కమ్మనాయుడులు, రెడ్లు, కంబళనాయకులు కలరు. వీథులు ఊడ్చి ఊరిని శుభ్రముగా నుంచు అరుంధతీయులలోను పెక్కురు తెలుగువారే. వారి పిల్లలు గోడయెదుట నిలువనిచో, వారి అవ్వలు చెప్పిన కథ గోడమీద ఎక్కనిచో, మనము వ్రాసినది ఒక కులపు వంశావళి యగును గాని తెలుగువారి గోడ కాదు. పిల్లల జాబితా తయారుచేయునాడే ఈ సంగతి తేల్చుకొనవలెను. అతిథి చిత్రకారునికి ఊరి లోగుట్టు తెలియదు. ఈ భారమును ఆయనమీద పెట్టరాదు.

పనికి దిగిన తరువాతి విషయములు మేస్త్రీల నడిగి తెలిసికొనదగినవి. క్రొత్తగా సిమెంటు పూసిన గోడను కనీసము 28 దినములు ఆరనీయవలెను. లోపలి క్షారము పైకి వచ్చి రంగును తినివేయును. పడమటి యెండ తగులు గోడకంటె తూర్పుముఖమో ఉత్తరముఖమో మేలు. నేలతేమ ఎగబ్రాకు గోడమీద ఎంత ఖరీదు రంగు వేసినను ఉప్పు పొంగి పెచ్చులూడును. మనకు వానలు ముఖ్యముగా అక్టోబరునుండి డిసెంబరు వరకు కురియును. కావున సంక్రాంతి దాటిన తరువాత జనవరి, ఫిబ్రవరి శని ఆదివారములు తగిన సమయము. మార్చిలో పరీక్షలు, మేలో గోడ ముట్టుకొనలేని వేడి.

చిన్న కాగితముమీది చిత్రమును పెద్దగోడకు ఎక్కించుట ఎట్లన్న సందేహము అందరికిని కలుగును. దీనికి మన ఆడపిల్లలు జవాబును చేతిలోనే పెట్టుకొనియున్నారు. చుక్కల ముగ్గు ఎట్లు పెట్టుదురు? ముందు చుక్కలు; తరువాత చుక్కలనుబట్టి గీత. అయిదు చుక్కల ముగ్గును గడప యెదుట జానెడుగాను వేయవచ్చును, ముంగిలి నిండుగాను వేయవచ్చును. చుక్కల నడిమి దూరము మారును గాని ఆకారము మారదు. గోడపనియు ఇంతే. ముప్పది అడుగుల పొడవు, ఎనిమిది అడుగుల యెత్తుగల గోడ నొకదానిని తీసికొందము. క్రింద ఒకటిన్నర అడుగు తేమకును, వానజల్లుకును విడిచి కావిరంగు పూయుదుము. దానిపై ఒకటిన్నర అడుగు అక్షరముల పట్టె. మిగిలిన అయిదడుగులు బొమ్మకు. కాగితముమీద ముప్పది అంగుళములకు అయిదంగుళముల చిత్రము వేసి, అంగుళమునకొక గడి గీయవలెను. గోడమీద కావిపొడి పూసిన దారమును బిగలాగి విడిచి అడుగున కొక గడి గీయవలెను. మొత్తము 150 గడులు. పిల్లలు 25 మంది యైనచో తలకు ఆరు గడులు. తన గడిలోని గీత ప్రక్కవాని గడిలోని గీతతో కలిసినదా లేదా అని ప్రతివాడును చూచుకొనవలసివచ్చును. ఎవరును చెప్పనక్కరలేకయే, తన పనికి పొరుగువాని పనికి గల సంబంధము పిల్లవానికి తెలియును. ముగ్గులో చేయితిరిగిన బాలికలు ఈ విద్యలో మగపిల్లలకు గురువులగుదురు. ఇది చూచుటకు ముచ్చటగా నుండును.

అక్షరముల పట్టెను చిన్నచూపు చూడరాదు. బోర్డులు వ్రాయువారి వాడుక లెక్క ప్రకారము పదియడుగుల దూరమునుండి హాయిగా చదువుటకు అంగుళము యెత్తు అక్షరము కావలెను. వీథి కవతలిప్రక్క ముప్పది అడుగుల దూరముననుండి చదువవలెనన్నచో మూడంగుళములు. తెలుగక్షరమునకు పైన గుడి, క్రింద ఒత్తు ఉండును గనుక ఒక వరుసకు ఏడెనిమిది అంగుళముల చోటు విడువవలెను. ఒకటిన్నర అడుగు పట్టెలో తెలుగు వరుస ఒకటి, తమిళ వరుస ఒకటి సుఖముగా ఇముడును. చెంగమువలెనే రెండును ఉండవలెను. మన పొరుగువారికి మన కథ తెలియనిచో గోడ వ్రాసి లాభ మేమి? వాక్యములు చిన్నవిగా నుండవలెను. నాలుగైదు మాటలు చాలును. పిల్లల నోట మన ఊరి తెలుగు ఎట్లుండునో అట్లే వ్రాయవలెను గాని, ఉపాధ్యాయుని గ్రాంథికము అచ్చట పనికిరాదు.

పట్టెను ఒకటిన్నర అడుగునుండి మూడడుగుల యెత్తులో పెట్టుమనుటకు కారణ మున్నది. అది అయిదేండ్ల పిల్ల చేతి కందు ఎత్తు. ఓనమాలు ఇసుకలోనో బియ్యములోనో దిద్దించు ఆచారము మనకు కలదు. ఆ పిల్ల దారిని పోవుచు గోడమీది అక్షరమును వ్రేలితో దిద్దును. దిద్దగా దిద్దగా బొమ్మకంటె ముందు అక్షరముల రంగే చెరుగును. ఏటేట సంక్రాంతి దాటిన తరువాత ఆరవతరగతివారు వాటిని మరల వ్రాయవలెను. దానికి చిత్రకారుని పిలువనక్కరలేదు. ఒక డబ్బా నల్లరంగు, నాలుగు కుంచెలు, ఒక శనివారపు ఉదయము చాలును.